విండోస్‌లో సొంత ఎక్స్‌టెన్షన్‌కి ఐకాన్, ప్రివ్యూ పెట్టుకోవడం: మేత కొట్టు ఫైళ్ల నుంచి ఎంబ్రాయిడరీ డిజైన్ల దాకా

కోవూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల మేత అమ్మే కొట్లలో చెరువుల లెక్కలు కంప్యూటర్‌లోకి వచ్చేశాయి. తెలిసిన కుర్రాడెవరో రాసిచ్చిన చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది ఒక్కో చెరువుకి ఒక్కో ఫైలు తయారుచేస్తుంది. సీడు వేసిన తేదీ, రోజువారీ మేత, సాలినిటీ, పట్టుబడి నాటి కౌంటు, అన్నీ అందులోనే. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఆ ఫైళ్లకి తమకి నచ్చిన ఎక్స్‌టెన్షన్, అంటే ఫైలు పేరులో చివరి చుక్క తర్వాత వచ్చే మాట, పెట్టేస్తారు. విండోస్‌కి ఆ పేరు తెలియదు కాబట్టి ఫోల్డర్ తెరిస్తే వరసగా తెల్ల కాగితాల బొమ్మలు కనిపిస్తాయి. నెల్లూరులో జాకెట్లకి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసే షాపుల్లోనూ ఇదే గొడవ. వందల కొద్దీ డీఎస్‌టీ అనే కుట్టు డిజైన్ ఫైళ్లు ఉంటాయి, నెమలి ఏదో మామిడి పిందె ఏదో తెరిచి చూస్తే తప్ప తెలియదు.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. జనం అన్నిటినీ కలిపి "ఐకాన్ రావట్లేదు" అంటారు గానీ, ఇందులో నాలుగు వేరువేరు పనులున్నాయి. మొదటిది ఐకాన్. ఆ రకం ఫైళ్లన్నిటికీ ఒకే గుర్తు. రెండోది, డబుల్ క్లిక్ చేస్తే ఏ ప్రోగ్రాం తెరుచుకోవాలన్నది. మూడోది ప్రివ్యూ, అంటే ఫైలు తెరవకుండానే కుడిపక్క పేన్‌లో లోపలి విషయం కనిపించడం. నాలుగోది థంబ్‌నెయిల్, అంటే ఒక్కో ఫైలుకి దాని సొంత బొమ్మ. మొదటి రెండూ మీరు చేత్తో చేసుకోవచ్చు. మామూలు అక్షరాలున్న ఫైలైతే మూడోది ఒక్క లైనుతో అయిపోతుంది. నాలుగోదానికి మాత్రం ఆ ఫైలుని చదివి బొమ్మ గీసే ప్రోగ్రాం ఉండి తీరాలి. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఎంతసేపు తవ్వినా అది లేకుండా నెమలి కనిపించదు.

ఇంకో మాట. కింద రిజిస్ట్రీ పేర్లు, దారులు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. తెర మీద అవి ఇంగ్లీషులో ఉంటాయి, టైపు చేసేటప్పుడూ ఇంగ్లీషులోనే టైపు చేయాలి. ఎక్కడ ఖాళీ ఉండకూడదో, ఎక్కడ చుక్క ఉండాలో అక్కడే చెబుతాను. ఉదాహరణకి ".చెరువు" అనే ఎక్స్‌టెన్షన్ తీసుకుందాం.

ముందుగా ఎక్స్‌టెన్షన్ కళ్లకి కనపడాలి

విండోస్ తనంతట తాను ఎక్స్‌టెన్షన్లని దాచిపెడుతుంది. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ మీద టిక్ పెట్టండి. విండోస్ 10లో వ్యూ ట్యాబ్‌లోనే ఆ టిక్ ఉంటుంది.

దీన్ని దాటేస్తే తర్వాత చేసేదంతా వృథా. నోట్‌ప్యాడ్‌లో ఫైలు రాసి "కోవూరు3.చెరువు" అని సేవ్ చేస్తే చాలాసార్లు అది "కోవూరు3.చెరువు.టీఎక్స్‌టీ" అయి కూర్చుంటుంది. విండోస్ చూసేది చివరి చుక్క తర్వాత ఉన్న మాటనే. అది టీఎక్స్‌టీ కాబట్టి మీ ఐకాన్ ఎప్పటికీ రాదు. సేవ్ చేసేటప్పుడు సేవ్ యాజ్ టైప్ దగ్గర ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే ఈ తిప్పలుండవు.

ఎక్స్‌టెన్షన్లు కనపడేలా పెట్టుకుంటే ఇంకో మేలు కూడా ఉంది. "బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ" అని పేరు పెట్టి పీడీఎఫ్ ఐకాన్ తగిలించి పంపే వైరస్ ఫైళ్లు ఇట్టే దొరికిపోతాయి. ఐకాన్ అన్నది ఎవరు కావాలంటే వాళ్లు పెట్టుకోగలిగిన బొమ్మ అని ఈ పని చేశాక మీకే తెలుస్తుంది.

ఆ పేరు ఇంకెవరిదో కాదు కదా

ఎక్స్‌టెన్షన్లకి రిజిస్ట్రేషన్ ఆఫీసు ఏమీ లేదు. ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. డీఎస్‌టీనే చూడండి. ఎంబ్రాయిడరీ వాళ్లకి అది తజిమా మెషిన్ల కుట్టు ఫైలు. ఆటోక్యాడ్ వాళ్లకి అది షీట్ సెట్ ఫైలు. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలకి డ్రాయింగులు వేసే మనిషి అదే కంప్యూటర్‌లో ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కిస్తే, ఆఖరున ఎక్కినదాని ఐకానే మిగిలే అవకాశం ఎక్కువ. ఒక ఎక్స్‌టెన్షన్‌కి ఒకే ఐకాన్. ఫైలు లోపల ఏముందో ఆ దశలో విండోస్ చూడదు.

కాబట్టి సొంతంగా పేరు పెట్టుకునే అవకాశం ఉంటే మూడక్షరాలకి పరిమితం కాకండి. మూడక్షరాల నియమం డాస్ కాలం నాటిది. అయిదారు అక్షరాల మాట పెట్టుకుంటే తగాదా వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. ఇప్పటికే ఉందేమో చూడాలంటే విండోస్ మీటతో ఆర్ నొక్కి, రెజ్ఎడిట్ అని కొట్టి, హెచ్‌కీ_క్లాసెస్_రూట్ తెరిచి, చుక్కతో మొదలయ్యే పేర్ల వరసలో వెతకండి. ఎక్స్‌టెన్షన్‌ని నేరుగా తెలుగు అక్షరాల్లోనే పెట్టుకోవడానికి విండోస్ అడ్డు చెప్పదు. అయినా వద్దనే నా సలహా. పాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు, కొన్ని జిప్ ప్రోగ్రాంలు ఆ పేర్లని ప్రశ్న గుర్తులుగా మార్చేస్తాయి. తెలుగు పెట్టుకోవడానికి ఇంకో మంచి చోటు ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఐకాన్ బొమ్మ

విండోస్‌కి కావాల్సింది ఐసీవో ఫైలు. పీఎన్‌జీ బొమ్మకి పేరు చివర ఐసీవో అని మార్చినంత మాత్రాన అది ఐకాన్ అయిపోదు. ఐసీవో అంటే ఒకే ఫైలులో రకరకాల సైజుల బొమ్మలు. 16, 24, 32, 48, 256 పిక్సెళ్ల చదరాలు ఉంటే సరిపోతుంది. డీటెయిల్స్ వ్యూలో 16 వాడుతుంది, డిస్‌ప్లే స్కేల్ 150 శాతం పెట్టుకున్నవాళ్లకి అదే 24 అవుతుంది. పెద్ద ఐకాన్లకి 256 కావాలి. బొమ్మలు దిద్దే గింప్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక్కో సైజుని ఒక్కో లేయర్‌గా పెట్టి ఐసీవోగా ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు.

ఇక్కడ తొందరపడకండి. పెద్ద బొమ్మ గీసి దాన్నే కుదిస్తే 16 పిక్సెళ్ల దగ్గర ముద్దగా తయారవుతుంది. రొయ్య మీసాలు, కాళ్లు అన్నీ గీశారనుకోండి, అక్కడ కనిపించేది ఒక మచ్చ. తెలుగు అక్షరాలకి ఇంకా కష్టం. "చె" అని రాస్తే ఎత్వం, లోపలి మెలిక అన్నీ కలిసిపోతాయి. చిన్న సైజుకి వేరే బొమ్మ గీయండి: గాఢమైన నీలం చదరం, మధ్యలో వంపు తిరిగిన నారింజ గీత. అంతే చాలు. ఫైలు తెల్ల కాగితాల మధ్య కూడా కనపడాలి, నల్ల థీమ్‌లో కూడా కనపడాలి. కాబట్టి పూర్తి తెలుపు, పూర్తి నలుపు అంచులు వద్దు.

తయారైన ఐసీవోని కదలని చోట పెట్టండి. డౌన్‌లోడ్స్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో వదిలేస్తే, అది పోయిన రోజు ఐకాన్లూ పోతాయి. "సి:\ఐకాన్లు\చెరువు.ఐసీవో" అనుకుందాం.

రిజిస్ట్రీలో రాయడం

రిజిస్ట్రీ అనగానే చాలామందికి టెన్షన్. మనం ముట్టుకునేది మీ యూజర్ అకౌంట్‌కి చెందిన ఒక మూల మాత్రమే. అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు, నచ్చకపోతే రెండు కీలు (రిజిస్ట్రీలో ఫోల్డర్ల లాంటివి) తీసేస్తే ఎప్పటిలా అయిపోతుంది. హెచ్‌కీ_క్లాసెస్_రూట్ అన్నది మొత్తం కంప్యూటర్‌కి ఉన్న వివరాలు, మీ అకౌంట్‌కి ఉన్న వివరాలు రెండూ కలిపి చూపించే అద్దం లాంటిది. రెండు చోట్లా ఒకే పేరు ఉంటే మీ అకౌంట్‌దే చెల్లుతుంది. అందుకే రాత అక్కడ కాదు, ఇక్కడ: హెచ్‌కీ_కరెంట్_యూజర్\సాఫ్ట్‌వేర్\క్లాసెస్.

ఆ క్లాసెస్ కీ మీద కుడి క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్‌తో ఒక కాపీ దాచుకోండి. తర్వాత:

1. క్లాసెస్ కింద కొత్త కీ: ".చెరువు". ముందు చుక్క తప్పనిసరి. దాని డిఫాల్ట్ వాల్యూలో "మేతకొట్టు.చెరువు.1" అని రాయండి. దీన్ని ప్రోగ్‌ఐడీ అంటారు. ప్రోగ్రాం పేరు, ఫైలు రకం, వెర్షన్ అన్న వరస మైక్రోసాఫ్ట్ చెప్పే పద్ధతి. ఖాళీలుండకూడదు, అంకెతో మొదలవకూడదు, 39 అక్షరాలు దాటకూడదు.

2. మళ్లీ క్లాసెస్ కిందే ఇంకో కీ: "మేతకొట్టు.చెరువు.1". పైన రాసిన పేరూ ఇదీ అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉండాలి. దీని డిఫాల్ట్ వాల్యూ ఎక్స్‌ప్లోరర్‌లో టైప్ అనే వరసలో కనిపిస్తుంది. తెలుగుకి మంచి చోటు ఇదే. "చెరువు లెక్కల ఫైలు" అని నేరుగా తెలుగులో టైపు చేయండి, అలాగే కనిపిస్తుంది.

3. దాని కింద "డిఫాల్ట్‌ఐకాన్" అనే కీ. రెండు మాటలూ కలిపి, మధ్యలో ఖాళీ లేకుండా. డిఫాల్ట్ వాల్యూ: సి:\ఐకాన్లు\చెరువు.ఐసీవో,0. విడిగా ఐసీవో ఇస్తే చివర సున్నా చాలు. ఈఎక్స్‌ఈ లోపలున్న ఐకాన్ వాడుకుంటుంటే ఆ అంకె ఎన్నో బొమ్మో చెబుతుంది. మైనస్‌తో ఉంటే అది వరస సంఖ్య కాదు, ఆ ఐకాన్ రిసోర్స్ నంబర్.

4. ప్రోగ్‌ఐడీ కిందే "షెల్", దాని కింద "ఓపెన్", దాని కింద "కమాండ్", ఇలా ఒకదాని లోపల ఒకటి. కమాండ్ డిఫాల్ట్ వాల్యూ: "సి:\మేతకొట్టు\లెక్కలు.ఈఎక్స్‌ఈ" "%1". రెండు జతల కోట్లూ ఉంచాలి. డబుల్ క్లిక్ చేసిన ఫైలు దారి ఆ %1 చోట వచ్చి కూర్చుంటుంది. కోట్లు లేకపోతే "కోవూరు బ్యాచ్ 2" లాంటి పేరుని మూడు ముక్కలుగా చదివి ఫైలు దొరకలేదంటుంది. "ఒక ఫైలుకి తెరుచుకుంటోంది, ఇంకోదానికి తెరుచుకోవట్లేదు" అనే ఫిర్యాదులకి చాలావరకు కారణం ఇదే.

పది కంప్యూటర్లున్న చోట ఇదంతా చేత్తో చేయడం దండగ. ఒకదాంట్లో చేసి, ఆ రెండు కీలనీ ఎక్స్‌పోర్ట్ చేస్తే రెండు ఆర్‌ఈజీ ఫైళ్లు వస్తాయి. మిగతా మెషిన్లలో వాటి మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు. ఐకాన్, ప్రోగ్రాం దారులు అన్నిట్లో ఒకేలా ఉండాలి. ఆర్‌ఈజీ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో దిద్దితే, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-16 ఎల్‌ఈ ఉండేలా చూసుకోండి. లేకపోతే "చెరువు లెక్కల ఫైలు" అన్న మాట పిచ్చి గుర్తులై పోతుంది.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లే అయితే ఇన్‌స్టాలర్‌తోనే ఈ కీలు రాయించండి. ఇన్‌స్టాలర్లు తయారుచేసే ఇన్నో సెటప్‌లో రిజిస్ట్రీ అనే విభాగం ఇందుకే ఉంది. చేంజెస్‌అసోసియేషన్స్ అనే సెట్టింగ్‌కి యెస్ (అవును) అనే మాట పెడితే, పని అవ్వగానే ఎక్స్‌ప్లోరర్‌కి కబురు అందుతుంది.

అన్నీ సరిగ్గా రాసినా ఐకాన్ మారకపోతే

రెండు కారణాలు చూడాలి. మొదటిది క్యాష్. విండోస్ ఒకసారి చూపించిన ఐకాన్లని దాచిపెట్టుకుని వాటినే మళ్లీ చూపిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద కుడి క్లిక్ చేసి రీస్టార్ట్ నొక్కండి. అప్పటికీ రాకపోతే లాగాఫ్ అయి మళ్లీ రండి. ఐకాన్ బొమ్మ మార్చి అదే పేరుతో సేవ్ చేసినప్పుడు ఈ ఇబ్బంది ఎక్కువ. బొమ్మ మార్చినప్పుడల్లా ఫైలు పేరు కూడా "చెరువు2.ఐసీవో" అని మార్చి రిజిస్ట్రీలో దిద్దేయడం నా దృష్టిలో అన్నిటికంటే సులువు.

రెండోది కాస్త లోతైనది. ఎవరో ఎప్పుడో ఆ ఫైలు మీద కుడి క్లిక్ చేసి ఓపెన్ విత్‌లో నోట్‌ప్యాడ్ ఎంచుకుని "ఆల్వేస్" నొక్కి ఉంటారు. ఆ ఎంపిక యూజర్‌చాయిస్ అనే కీలో పడుతుంది, మీరు రాసినదాన్ని పక్కకి నెట్టేస్తుంది. విండోస్ 8 నుంచి దానికి హ్యాష్ (ఎవరైనా దిద్దితే పట్టించే గుర్తు) కాపలా ఉంది. చేత్తో దిద్దితే విండోస్ దాన్ని ఒప్పుకోదు. కాబట్టి ఎలా పోయిందో అలాగే తెచ్చుకోండి: ఓపెన్ విత్, చూజ్ అనదర్ యాప్, మీ ప్రోగ్రాం, ఆల్వేస్. ఆ జాబితాలో మీ ప్రోగ్రాం కనపడకపోతే ".చెరువు" కింద "ఓపెన్‌విత్‌ప్రోగ్‌ఐడీస్" అనే కీ చేసి, అందులో మీ ప్రోగ్‌ఐడీ పేరుతో ఖాళీ స్ట్రింగ్ వాల్యూ ఒకటి పెట్టండి.

ప్రివ్యూ: మామూలు అక్షరాల ఫైలైతే

మీ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదవగలిగేలా ఉందా? అయితే ".చెరువు" కీలోకి వెళ్లి, ప్రోగ్‌ఐడీ కీలో కాదు, కొత్త స్ట్రింగ్ వాల్యూ చేయండి. పేరు "పర్సీవ్డ్‌టైప్", మధ్యలో ఖాళీ లేదు. విలువ "టెక్స్ట్", అన్నీ చిన్నబడి అక్షరాలు. ఇది "ఈ రకాన్ని అక్షరాల ఫైలుగా చూడు" అని చెప్పడం. ఎక్స్‌ప్లోరర్ రీస్టార్ట్ చేసి, ఆల్ట్‌తో పి నొక్కి ప్రివ్యూ పేన్ తెరిచి, ఫైలు మీద ఒక్క క్లిక్ చేయండి. రైతు ఫోన్ చేసి "మూడో చెరువుకి నిన్న ఎంత మేత పోయింది" అంటే ఫైళ్ల మీద బాణం మీటతో దిగుతూ చెప్పేయొచ్చు. నన్నడిగితే ఈ మొత్తం పనిలో రోజూ ఉపయోగపడేది ఇదే. ఐకాన్ అందానికి, ప్రివ్యూ అవసరానికి.

తెలుగు అక్షరాలు పేన్‌లో గజిబిజిగా వస్తే ఫైలుని యూటీఎఫ్-8 విత్ బీవోఎం అన్న ఎన్‌కోడింగ్‌తో సేవ్ చేసి చూడండి.

వాట్సాప్ వెబ్ నుంచో ఈమెయిల్ నుంచో దించుకున్న ఫైళ్లకి మాత్రం ప్రివ్యూ రాకుండా, ఈ ఫైలు మీ కంప్యూటర్‌కి హాని చేయొచ్చు అనే హెచ్చరిక రావచ్చు. మీరు రాసిన రిజిస్ట్రీలో తప్పేమీ లేదు. 2025 అక్టోబరు భద్రతా అప్‌డేట్ల నుంచి, ఇంటర్నెట్ నుంచి వచ్చినట్టు ముద్ర ఉన్న ఫైళ్లకి విండోస్ ప్రివ్యూ ఆపేసింది. పంపినవాళ్లు తెలిసినవాళ్లే అయితే ఫైలు మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, అడుగున అన్‌బ్లాక్ టిక్, ఓకే.

ప్రివ్యూ, థంబ్‌నెయిల్: బొమ్మల ఫైలైతే

ఇక ఎంబ్రాయిడరీ సంగతి. డీఎస్‌టీ ఫైలులో బొమ్మ అంటూ ఏదీ ఉండదు. మొదటి 512 బైట్లు హెడర్: డిజైన్ పేరు, కుట్ల సంఖ్య, కొలతలు. తర్వాత ఒక్కో కుట్టుకి మూడేసి బైట్లు. సూది ఇక్కడి నుంచి అటు ఇంత, ఇటు ఇంత జరగాలి అని మిల్లీమీటరులో పదో వంతు లెక్కన రాసి ఉంటుంది. దారం రంగు కూడా అందులో ఉండదు, "ఇక్కడ రంగు మార్చు" అన్న సూచన మాత్రమే ఉంటుంది. అందుకే ఒక సాఫ్ట్‌వేర్‌లో పచ్చగా కనిపించిన నెమలి ఇంకోదాంట్లో ఎర్రగా వస్తుంది.

ఈ కుట్లన్నీ చదివి గీత గీసే పనిని విండోస్‌లో థంబ్‌నెయిల్ హ్యాండ్లర్ అనే డీఎల్‌ఎల్ (వేరే ప్రోగ్రాం లోపలికి ఎక్కి పనిచేసే ఫైలు) చేస్తుంది. అది షెల్‌ఎక్స్ అనే కీ కింద పొడవాటి గుర్తింపు సంఖ్యతో నమోదవుతుంది. ఆ సంఖ్యలు చేత్తో రాయాల్సిన అవసరం మీకు రాదు, ఇన్‌స్టాలర్ రాస్తుంది. ఎంబ్రాయిడరీ ఫైళ్లకి ఇలాంటి థంబ్‌నెయిల్ ప్రోగ్రాంలు విడిగా అమ్ముతారు, కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లతో పాటే వస్తాయి. కొనే ముందు రెండే ప్రశ్నలు అడగండి: 64 బిట్ ఎక్స్‌ప్లోరర్‌లో పనిచేస్తుందా, మీ మెషిన్ వాడే ఎక్స్‌టెన్షన్ జాబితాలో ఉందా. 32 బిట్ డీఎల్‌ఎల్ 64 బిట్ విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లోకి ఎక్కదు. ఎర్రర్ కూడా చూపించదు, ఊరికే తెల్ల కాగితం.

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ కూడా చూడండి. ఎస్‌వీజీ, మార్క్‌డౌన్, ఎస్‌టీఎల్, జీకోడ్ లాంటి వాటికి ప్రివ్యూలో థంబ్‌నెయిళ్లో అందులో ఉన్నాయి, డీఎస్‌టీకి లేదు. ఒంగోలు, చీమకుర్తి వైపు సీఎన్‌సీ మెషిన్లు నడిపేవాళ్లు జీకోడ్ పేరు చూసి ఆశపడొద్దు. 3డీ ప్రింటర్లకి జీకోడ్ తయారుచేసే స్లైసర్ సాఫ్ట్‌వేర్ ఫైలులోనే బొమ్మ పొదిగి పెడితే దాన్ని తీసి చూపించడమే అది చేసేది, రాతి మీద చెక్కుడు దారిని తనంతట గీయదు.

సొంత ఫార్మాట్ తయారుచేసేవాళ్లు ఇక్కడి నుంచి ఒక కిటుకు పట్టుకోవచ్చు. లిబ్రేఆఫీస్ వాడే ఓపెన్‌డాక్యుమెంట్ ఫైలు నిజానికి జిప్ ఫైలు. దాని లోపల థంబ్‌నెయిల్స్ అనే ఫోల్డర్‌లో చిన్న పీఎన్‌జీ బొమ్మ ఉంటుంది. మీరూ సేవ్ చేసేటప్పుడే బొమ్మని ఫైలులో పెట్టేస్తే, హ్యాండ్లర్ రాయాల్సి వచ్చినప్పుడు పని సగం తగ్గిపోతుంది. హ్యాండ్లర్‌ని సీ ప్లస్ ప్లస్‌లో రాయండి. ఎక్స్‌ప్లోరర్ లోపల నడిచే షెల్ ఎక్స్‌టెన్షన్లని డాట్‌నెట్‌లో రాయొద్దని మైక్రోసాఫ్టే చాలా కాలంగా చెబుతోంది.

హ్యాండ్లర్ ఉన్నా థంబ్‌నెయిళ్లు రాకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కి వెళ్లి "ఆల్వేస్ షో ఐకాన్స్, నెవర్ థంబ్‌నెయిల్స్" మీద టిక్ ఉందేమో చూడండి. పాత కంప్యూటర్ వేగం పెంచుతానని సర్వీసు కుర్రాళ్లు ముందు నొక్కేది దాన్నే. పాత బొమ్మలు వదలకపోతే డిస్క్ క్లీనప్‌లో థంబ్‌నెయిల్స్ ఎంచుకుని తుడిచేయండి.

ఉబుంటు వాడేవాళ్లకి

లినక్స్‌లో పద్ధతి వేరు. అక్కడ మొదటి పనిగా ఎక్స్‌టెన్షన్‌కి ఒక మైమ్ టైప్, అంటే ఫైలు రకాన్ని చెప్పే పేరు, పెడతారు. మీ హోమ్ ఫోల్డర్‌లో .లోకల్/షేర్/మైమ్/ప్యాకేజెస్ కింద చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు రాసి, అప్‌డేట్-మైమ్-డేటాబేస్ అనే కమాండ్ నడపాలి. ఐకాన్‌కి ఆ మైమ్ టైప్ పేరే పెట్టాలి, అందులోని ఏటవాలు గీటు (/) బదులు హైఫన్ వాడాలి. థంబ్‌నెయిల్‌కి డీఎల్‌ఎల్ గొడవ లేదు. .థంబ్‌నెయిలర్ అనే నాలుగు లైన్ల ఫైలులో "ఈ రకం ఫైలు వస్తే ఈ కమాండ్ నడుపు" అని రాస్తే చాలు. డీఎస్‌టీని పీఎన్‌జీగా మార్చడానికి పైఎంబ్రాయిడరీ అనే పైథాన్ లైబ్రరీ ఉచితంగా ఉంది. పైథాన్ కాస్త వచ్చినవాళ్లకి ఈ పని విండోస్ కంటే ఇక్కడే తేలిక.

తీసేయాలంటే

విండోస్‌లో క్లాసెస్ కింద ".చెరువు", "మేతకొట్టు.చెరువు.1" కీలు రెండూ డిలీట్ చేసి ఎక్స్‌ప్లోరర్ రీస్టార్ట్ చేయండి. ఫైళ్లకి ఏమీ కాదు, వాటి లోపల మనం ఒక్క బైటు కూడా మార్చలేదు.